మా అమ్మ కుట్టిన ఇంగ్లీషు ఊరు

మొన్న మా ఇంటికి కొత్త పరుపు వచ్చింది. షాపు వాళ్ళు దాన్ని మంచం మీద వేసి, చుట్టిన ప్లాస్టిక్ కాగితం చించగానే గదంతా ఒక వాసన కమ్ముకుంది. కొత్త చెప్పుల వాసనకీ, మందుల షాపు వాసనకీ మధ్యలో ఉంటుంది ఆ ఫోము వాసన. రెండు రోజులు కిటికీలు తెరిచిపెడితే పోతుందన్నారు. వారమైనా పోలేదు. నడుం నొప్పికి ఇదే మంచిదని డాక్టరు చెప్పాడు కాబట్టి దాని మీదే నడుం వాలుస్తున్నాను గానీ, వాల్చినప్పుడల్లా నాకు కోపం వస్తోంది. అరవై దాటిన మనిషికి పరుపు మీద కోపమేమిటని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు దూది వాసన తెలియదు.

మేము ప్రొద్దుటూరు దూదేకులవాళ్ళం. ఎండలో ఆరేసిన దూదికి గింజల నూనె వాసనా, చేను మట్టి వాసనా కలిసిన ఒక వెచ్చటి వాసన ఉంటుంది. మా నాయన దస్తగిరి ఆ వాసనలోనే పుట్టి, ఆ వాసనలోనే బతికి, చివరికి ఆ దూది నుసే రొమ్ములో పేరుకుని దగ్గి దగ్గి పోయాడు. ఆయన పొడవాటి విల్లును భుజానికి ఆనించుకుని, దాని నరం మీద కొయ్యగుండుతో కొడుతుంటే వీధి చివరిదాకా మోగేది. ఆ మోతకు గడ్డకట్టిన దూది గాలిలోకి లేచి, విచ్చుకుని, ఆయన కనురెప్పల మీదా మీసాల మీదా మంచులా వాలేది. అమ్మ హుసేనమ్మది బొంతల పని. చిరిగిన చీరలూ లుంగీలూ చొక్కాలూ ముక్కలు చేసి, రంగుకు రంగు జోడించి ఆమె కుట్టిన బొంత మీద చెయ్యి వేసి నిమిరితే అతుకు తగిలేది కాదు. పీర్ల పండగ వస్తే చావిడి జెండాల మీద గుర్రాలూ, పులులూ, పంజాలూ గుడ్డ ముక్కలతో అతికించి కుట్టేది కూడా ఆమే. చదువు మాత్రం లేదు. తెలుగులోనూ రాదు, ఉర్దూలోనూ రాదు. బియ్యం కార్డు మీద వేలిముద్ర వేసేది.

డెబ్బైల మొదట్లో, అరబ్బు దేశంలో మస్కట్ పక్కనున్న మత్రాలో కొత్త రేవు కడుతున్న రోజుల్లో, అక్కడ పరుపులు కుట్టే పనివాళ్ళు కావాలని బొంబాయి నుంచి కబురు వస్తే నాయన ముందు వెళ్ళాడు. రెండేళ్ళకు అమ్మనూ నన్నూ పిలిపించుకున్నాడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఓడ దిగి చూస్తే ఎటు చూసినా చెట్టన్నది లేని నల్లటి కొండలు, వాటి మీద ఒక కోట, కింద తెల్లటి ఇళ్ళు. ఒక గుజరాతీ సేటు పరుపుల దుకాణం మీద, మిద్దె మీది ఒంటి గదిలో మా కాపురం. సందు మొదట్లో చేపలు ఎండబెట్టేవాళ్ళు, నడుమ ఎండు నిమ్మకాయల బస్తాలు, చివర పెద్ద రాగి గంగాళంలో హల్వా కలిపే ముసలాయన. సాయంత్రమయ్యేసరికి ఇంటింటా సాంబ్రాణి పొగ లేచి ఈ మూడు వాసనలనూ కలిపి మా గదిలోకి తెచ్చి పోసేది. ఎండాకాలం వస్తే గోడ మీద చెయ్యి పెట్టలేము. అమ్మ గోనెపట్ట తడిపి కిటికీకి కట్టేది, అరగంటలో అది అప్పడంలా ఎండిపోయేది. నీళ్ళు గాడిద మీద డబ్బాల్లో వచ్చేవి. రాగులు దొరకవు గనుక గోధుమపిండితో సంగటి కెలికి పెడితే, నాయన ఒక ముద్ద తిని, ఇది సంగటి కాదు, పరుపు అతికించే జిగురు అన్నాడు.

పక్క మిద్దెలో ఉమ్ సాలెం ఉండేది. అంటే సాలెం తల్లి అని. ఆమె అసలు పేరు మేమెప్పుడూ వినలేదు. ఆమెకు తెలుగు రాదు, మా అమ్మకు అరబ్బీ రాదు. ఇద్దరూ చేతులతోనూ, బజారు హిందీ ముక్కలతోనూ పొద్దంతా మాట్లాడుకునేవాళ్ళు. రంజాను పండక్కి ఆమె ఇంటి నుంచి హరీసు వచ్చేది, గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించి నెయ్యి పోసింది. తర్వాత రెండు రోజులు భూమిలో గొయ్యి తవ్వి నిప్పుల మీద పూడ్చిన మాంసం వచ్చేది, ముట్టుకుంటే ఎముక నుంచి జారిపోయేది. మా అమ్మ సేమ్యాలు పంపేది. పీర్ల పండక్కి బెల్లం దొరక్క ఖర్జూరం పాకంతో చోంగెలు, అవే తీపి రొట్టెలు, చేస్తే, ప్రొద్దుటూరులో కన్నా ఇక్కడే బాగున్నాయని నేనన్నాను, వీపు మీద ఒక దెబ్బ తిన్నాను. ఉమ్ సాలెం కూతురు నాకు ఈడుది. ఖర్జూరం గింజలతో ఇసుకలో గుంటలు చేసి ఒక ఆట నేర్పబోయింది. చూస్తే అది మా వామనగుంటలే. నేను మొదటి ఆటలోనే గెలిచేసరికి ఆ పిల్ల నేను మాయ చేశాననుకుంది.

ఇంత చెప్పింది ఆ సందు మీద బెంగతో కాదు. ఆ సందులో నాకు ప్రతి గడపా తెలుసు, అయినా ఆ రోజుల్లో నేను కంఠతా నేర్చుకున్న చరిత్ర ఆ సందుది కాదు, మా ప్రొద్దుటూరుది కాదు. నేను జన్మలో చూడని, చూడబోని ఒక చిన్న ఇంగ్లీషు పల్లెది. దాని పేరు హాథర్‌బి.

రోడ్లు వేసే ఒక కంపెనీలో ఇంజనీరు భార్య మిసెస్ హార్పర్ దిండ్ల గలేబుల కోసం దుకాణానికి వచ్చింది. పొడుగ్గా, ఎండకు ఎర్రబారిన మెడతో, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టు చూసేది. మిద్దె పిట్టగోడ మీద ఆరేసిన అమ్మ బొంతను చూసి, మెట్లెక్కి పైకే వచ్చింది. బొంతను తిప్పి వెనకవైపు కుట్టు చూసింది. ఇది ఎవరు కుట్టారని అడిగింది. మస్కట్‌లో ఇండియా పిల్లల కోసం రెండు గదుల్లో కొత్తగా పెట్టిన బడికి వెళ్తున్నాను గనుక నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. మా అమ్మ అని చెప్పాను. మరుసటి వారం ఆమె ఫోటోలూ, ఒక బొమ్మల పటమూ పట్టుకుని వచ్చింది. తన ఊరు హాథర్‌బి అనీ, ఆ ఊరి చర్చికి పెద్ద ఉత్సవం రాబోతోందనీ, ఊరంతా గుడ్డ మీద కనిపించేలా గోడకు వేలాడదీసే పెద్ద బొంత ఒకటి కావాలనీ అంది.

"హత్తరబీ ఎవురంట? ఆయమ్మ అత్తా?" అంది అమ్మ.

మనిషి కాదు, ఊరని చెప్పాను. అయినా మా ఇంట్లో ఆ ఊరు చివరిదాకా హత్తరబీయే.

ప్రతి శుక్రవారం కంపెనీ జీపు వచ్చి మమ్మల్ని ఊరికి దూరంగా ఖురంలో ఉన్న వాళ్ళ బంగళాకు తీసుకెళ్ళేది. అప్పుడప్పుడే అక్కడ ఇళ్ళు లేస్తున్నాయి. బంగళా లోపల ఏసీ చలికి అమ్మ చీర మీద ఇంకో చీర చుట్టుకుని కూర్చునేది. పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి, మిసెస్ హార్పర్ సున్నపుముక్కతో గీతలు గీసి, ఒక్కో చోట వేలుపెట్టి కథ చెప్పేది. నేను నాకు అర్థమైనంత అమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. అర్థం కానిచోట కల్పించేదాన్ని. మిగతా ఆరు రోజులూ అమ్మ మా గదిలో కుట్టేది.

మొదట చర్చి. దానికి మొనదేలిన శిఖరం లేదు, మొండి బురుజుతో ఆగిపోయింది. ఎవరు విరగ్గొట్టారని అమ్మ అడిగింది. ఎవరూ విరగ్గొట్టలేదు, కడుతుండగా ఊళ్ళో మహమ్మారి వచ్చి మేస్త్రీలంతా చనిపోయారు, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. ఆ బురుజు రాళ్ళను అమ్మ మా నాయన పాత చొక్కాల్లోంచి కత్తిరించింది. ఒక్కో ఉతుకుకు ఒక్కో బూడిదరంగు తేలిన చొక్కాలవి. ఊరి పొలిమేరలో దొప్పలా తొలిచిన ఒక రాయి ఉంది. మహమ్మారి రోజుల్లో ఊళ్ళోవాళ్ళు బయటికి రాకుండా, అంటు చావడానికి దాంట్లో పుల్లటి వెనిగర్ పోసి నాణేలు వేస్తే, పక్క ఊరివాళ్ళు నాణేలు తీసుకుని రొట్టెలు పెట్టి వెళ్ళేవాళ్ళట. అది విన్నప్పుడు అమ్మ సూది ఆపేసింది. మా అమ్మమ్మ ఇద్దరు పిల్లలు ఒకే వారంలో కలరాకు పోయారు. "ఆడగూడా మన మాదిరే సచ్చినారా, పాపం," అంది. ఆ రాయిని ఆమె నాలుగుసార్లు ఇప్పి కుట్టింది, లోతు కనపడాలని.

తర్వాత గుర్రం ఒక్కటే పట్టేంత ఇరుకు వంతెన. శ్మశానంలో చర్చికన్నా ముసలిదైన ఒక చెట్టు, దానికి ఉమ్ సాలెం తన ముదురాకుపచ్చ తలగుడ్డ ఇచ్చింది. నల్ల ఎద్దు బొమ్మ వేలాడే సారాయి కొట్టు. ఏటి పక్కన పిండి మిల్లు. ఒక వానాకాలం ఏరు పొంగి ఆ మిల్లు గోడనూ, మిల్లువాడి కూతుర్నీ తీసుకుపోయింది. చక్రం మిగిలింది. మిసెస్ హార్పర్ చక్రం మాత్రమే గీసింది. అమ్మ ఎవరూ అడక్కుండానే మిల్లు కిటికీలో గోరంత పిల్లను కుట్టింది, పసుపు జుట్టు, ఎర్ర గౌను. మిసెస్ హార్పర్ చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పిల్లను ఎవరూ తలుచుకోలేదని అంది. ఊరి చుట్టూ పచ్చిక బయళ్ళు కావాలి. మత్రా బజారులో అలాంటి పచ్చ దొరకలేదు. ఉన్నవి చిలకాకుపచ్చలు, పాచిపచ్చలు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ తన పెళ్ళినాటి పచ్చ చీరను చాప మీద పరిచి కత్తెర పెడుతోంది. అదేమిటమ్మా అంటే, ఊరికి గడ్డి లేకపోతే గొర్రెలేమి తింటాయి అంది.

చివర ఊరి నడుమ రాతి శిలువ. యుద్ధంలో చనిపోయిన ఆ ఊరివాళ్ళ పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి, ఆ పేర్లన్నీ దారంతో కుట్టాలి. అక్కడ మా అమ్మ అక్షరాలు నేర్చుకుంది. మిసెస్ హార్పర్ కాగితం మీద పెద్దగా రాసిచ్చిన పేర్లను ఆమె మొదట బొమ్మల్లాగే కుట్టింది. నిలువు కర్రలు రెండు, నడుమ అడ్డకర్ర. ఇదేందే అని అడిగింది. హెచ్ అన్నాను. హెన్రీ పేరులో మొదటిది. అలా ఒక్కో అక్షరం. చచ్చిపోయిన ఇంగ్లీషు సిపాయిల పేర్లే మా అమ్మకు పలకా బలపం. నెల తిరిగేసరికి సందులో నడుస్తూ టీ పెట్టెల మీదా, సిమెంటు బస్తాల మీదా అక్షరాలు గుర్తుపట్టి నా చెయ్యి నొక్కేది. అదిగో, మన శామ్యూల్‌లో ఎస్సు, అనేది. శామ్యూల్ మిసెస్ హార్పర్‌కు స్వయానా పెదనాన్న.

ఒకరోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. "నా పేరు ఎట్ల రాస్తారే?"

నేను శిలువ మీద వేలు పెట్టి చూపించాను. కొత్త అక్షరం ఒక్కటీ అక్కర్లేకపోయింది. హెచ్, ఈ, ఎన్ హెన్రీలో ఉన్నాయి. ఎస్, ఏ, ఎం, యు శామ్యూల్‌లో ఉన్నాయి. ఆ ఇద్దరు చాలు మా అమ్మకు. ఏడాదిన్నర పట్టిన బొంత పూర్తయ్యాక, కుడివైపు కింది మూలలో, తన పచ్చ చీర గడ్డి మీద, ఎర్ర దారంతో, గోరంత అక్షరాలతో ఆమె తన పేరు కుట్టుకుంది. తొమ్మిది అక్షరాలు. జీవితంలో మొదటిసారి తన పేరు తను రాసింది. నాచేత మూడుసార్లు చదివించుకుంది. సాయంత్రం నాయన వస్తే ఆయనకూ చూపించింది, ఆయనకు చదవడం రాదు గనుక నేనే మళ్ళీ చదివాను.

ఆ శుక్రవారం బంగళాలో ఇంకా ఇద్దరు దొరసానులు ఉన్నారు. బొంత పరవగానే ముగ్గురూ చుట్టూ తిరిగి, వంగి వంగి చూశారు, కిటికీలో పిల్లను చూసి నవ్వుకున్నారు. మిసెస్ హార్పర్ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూనే మూల దగ్గరికి వచ్చి ఆగింది. వేలితో ఆ ఎర్ర అక్షరాలను తడిమింది. నా వైపు తిరిగి, చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది: ముద్దుగానే ఉంది, కానీ ఇది ఉండకూడదు, ఈ బొంత మీద హాథర్‌బి వాళ్ళ పేర్లే ఉండాలి, ఊళ్ళోవాళ్ళకు ఇదేమిటో అర్థం కాదు, ఇది నేను ఇస్తున్న కానుక గదా, తీసేయమని మీ అమ్మకు చెప్పు. చెప్పి, తన చిన్న కత్తెర అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ నా మొహం చూసింది. "ఏమంటాంది పాపా?"

నాకు పదేళ్ళు. ఆ మాట తెలుగులోకి మార్చి మా అమ్మ మొహం మీద పెట్టడానికి నాకు నోరు రాలేదు. "పేరు తప్పు పడిందంట. ఇప్పాలంట," అన్నాను.

అమ్మ మొహం మాడిపోయింది. తప్పు పనంటే ఆమెకు ప్రాణం పోయినంత. తనకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాట, సారీ, మిసెస్ హార్పర్‌కు చెప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు. నేల మీద కూర్చుని, బొంత మూల ఒళ్ళో వేసుకుని, తొమ్మిది అక్షరాలూ ఒక్కొక్కటే ఇప్పింది. దొరసానులు టీ తాగారు. నాకు ఒక బిస్కెట్టు ఇచ్చారు, నేను తిన్నాను. ఆ బిస్కెట్టు తిన్నందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఇప్పాక అమ్మ దారం సూదికెక్కించి, సరైన అక్షరాలు రాసిమ్మని చేత్తో సైగ చేసింది. మిసెస్ హార్పర్ నవ్వి, బొంత మడిచి లోపల పెట్టేసింది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో అమ్మ అడిగింది, ఏ అక్షరం తప్పిందని. హెన్రీ కాగితం తెచ్చుకున్నాము గదా, ఇంటికి పోయి చూసుకుందామంది.  కొండ మలుపు దాటాక నిజం చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఒళ్ళోని చేతులు చూసుకుంది.

"అయితే నేనెందుకు సారీ చెప్పిన్నే?" అంది.

 మిసెస్ హార్పర్ మంచి మనిషి, దొరసానుల్లో అట్లాంటామె దొరకదు, బిడ్డలాగ చూసింది అని మా నాయన చచ్చేదాకా అన్నాడు. నేను అనను. కూలి ఇచ్చింది, కాదనను. ఊరి మీద ప్రాణంతో కన్నీళ్ళు పెట్టుకుంది, అవీ నిజం కన్నీళ్ళే. తన ఊళ్ళో ఎన్నడో మునిగిపోయిన పిల్లను గుర్తుచేస్తే నోటి మీద చెయ్యి పెట్టుకున్న మనిషికి, ఎదురుగా కూర్చున్న మనిషి పేరు అడ్డమైంది. నా కోపం అందుకు.

మరుసటి శుక్రవారం జీపు రాలేదు. పని అయిపోయింది గదా. అమ్మ నన్ను లేపి, తల దువ్వి, నీళ్ళ లారీ డ్రైవరును బతిమాలి అందులో ఖురం తీసుకుపోయింది. బంగళా లోపలికి రమ్మన్నా పోలేదు. మెట్ల కింద ఎండలో నిలబడింది. నాతో అంది, ఒక్క ముక్క మింగకుండా చెప్పు, ఈసారి అబద్ధమాడితే నా కూతురివి కావు.

"నా పేర్లో తప్పు లేదు. నేనే కుట్టినా, నా పేరు దాని మీద ఉండాల. గుడ్డ తీసుకరా, ఈడనే కూసోని కుట్టిపోతా."

చెప్పాను. వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. మిసెస్ హార్పర్ మెడ ఇంకా ఎర్రబడింది. బొంత మంగళవారమే విమానంలో వెళ్ళిపోయిందంది. మీ అమ్మ నన్ను తప్పుగా అర్థం చేసుకుందంది. నేనది చెప్పాక అమ్మ ఒకే మాట అడిగింది.

"ఆ పిల్లను కిటికీలో కూసోబెట్టింది ఎవురని అడుగు."

అడిగాను.  ఆమె లోపలికి వెళ్ళి బొమ్మల బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని మెట్టు మీద, జాగ్రత్తగా, పడకుండా పెట్టి వెనక్కి తిరిగింది. పెద్ద రోడ్డుదాకా కాలే ఇసుకలో నడిచాము. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు.

నెల తిరక్కుండానే కంపెనీ బంగళాల దిండ్ల పని వేరే దుకాణానికి పోయింది. సేటు నాయనను పిలిచి, నీ భార్య గొడవ నా వ్యాపారానికి చుట్టుకుందని అరిచాడు. నాయన ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాడు. పోయి ఒక సారీ అనేసి రావే, నీ నోట్లోని ముత్యాలు రాలిపోతాయా అన్నాడు. అమ్మ ఎనిమిది రోజులు ఆయనతో మాట్లాడలేదు, అన్నం మాత్రం వేళకు పెట్టింది. మా కాపురం అక్కడ చెదరడానికి అదొక్కటే కారణమని కూడా చెప్పలేను. అదే ఏడాది ఓడల్లో ఫోము పరుపులు దిగాయి. తేలిక, చౌక, దులపనక్కరలేదు. సేటు దూది తెప్పించడం మానేశాడు. నాయన విల్లు గోడకు తగిలించి, కొండల అవతల బహ్లాలో ఇళ్ళు కట్టే సైట్‌కు ఇటుకలు మోయడానికి పోయాడు. అమ్మనూ నన్నూ ఓడెక్కించారు. ఉమ్ సాలెం రేవుదాకా వచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ చెరో భాషలో ఏవేవో చెప్పుకున్నారు, అప్పుడు మాత్రం ఎవరూ నన్ను అర్థం అడగలేదు.

ప్రొద్దుటూరు వచ్చాక అమ్మ ఇంకో ముప్ఫై ఏళ్ళు బొంతలు కుట్టింది. ప్రతి బొంత మూలలోనూ ఎర్ర దారంతో తన పేరు, ఇంగ్లీషులో. బొంత మీద ఇంగ్లీషేందని ఆడవాళ్ళు నవ్వేవారు. పేరు లేకుండా కావాలన్నవాళ్ళకు బొంత ఇచ్చేది కాదు. నేను టీచరునయ్యాను. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, మధ్యలో ఎప్పుడైనా వాన పడి కరెంటు పోతే హాథర్‌బి కథలు చెప్పేదాన్ని: రాతి దొప్పలో నాణేలు, ఇరుకు వంతెన, ఏరు తీసుకుపోయిన పిల్ల.

అలా విన్న పిల్లల్లో ఒకమ్మాయి ఇప్పుడు ఇంగ్లండులో నర్సు. పోయిన ఏడు, డ్యూటీ లేని ఒక రోజు, బస్సెక్కి ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళింది. టీచర్ చెప్పినవన్నీ ఉన్నాయని సంబరపడి, చర్చిలో అమ్ముతున్న చిన్న పుస్తకం ఒకటి కొని నాకు పంపింది. హాథర్‌బి చరిత్ర, చూడవలసిన విశేషాలు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. బురుజు, రాయి, వంతెన, చెట్టు, మిల్లు, శిలువ వరసగా ఉన్నాయి. చివరి విశేషం ఒక బొంత. పేజీ నిండా ఫోటో. నా కళ్ళ ముందు మా నాయన చొక్కాలు, ఉమ్ సాలెం తలగుడ్డ, మా అమ్మ పెళ్ళి చీర. కింద రాశారు: అరేబియా ఎడారిలో ఉన్న ఏళ్ళలో, ఊరి మీద బెంగతో, మిసెస్ హార్పర్ స్వహస్తాలతో కుట్టినది. మిల్లు కిటికీలోని చిన్న పిల్ల ఆమె సున్నితమైన మనసుకు నిదర్శనమట.

అప్పటికి అమ్మ పోయి ఆరేళ్ళు. ఇది చూడకుండా పోయింది, అదృష్టవంతురాలని, నాయన తిరిగొచ్చాక పుట్టిన మా తమ్ముడు అన్నాడు. నాకలా అనిపించలేదు. చూసి ఉండాల్సింది. చూసి ఉంటే ఈసారి విమానమెక్కైనా సరే ఆ చర్చి మెట్ల కింద నిలబడి ఉండేది.

ఆ బొంత కుట్టింది మా అమ్మ అనీ, పుస్తకంలో ఆమె పేరు వేయాలనీ నేను చర్చికి ఉత్తరం రాశాను. మంచి ఇంగ్లీషులో, మర్యాదగా. చర్చి తరఫున ఒకాయన జవాబిచ్చాడు, ఆయనా మర్యాదస్తుడే. మీ జ్ఞాపకం చాలా ఆసక్తికరంగా ఉందనీ, తమ రికార్డుల్లో మిసెస్ హార్పర్ పేరే ఉందనీ, మీ తల్లిగారు అంచులు కుట్టడంలో సాయపడి ఉండవచ్చనీ రాశాడు. అంచులు. రెండో ఉత్తరంలో ఏ గుడ్డ ఎవరి ఒంటి మీది నుంచి వచ్చిందో ముక్క ముక్కకూ రాశాను. నాలుగు నెలలైంది, జవాబు లేదు.

మత్రాలో మా సందు ఇప్పుడు లేదట. అటు వెళ్ళిన వాళ్ళ చేత ఫోటోలు తీయించుకుని చూశాను. గుజరాతీ దుకాణం ఉన్నచోట కార్లు నిలుపుకునే జాగా, ఉమ్ సాలెం మిద్దె గుర్తే లేదు. హల్వా ముసలాయనను ఎవరూ ఎరుగరు. అక్కడ గోడకు తగిలించిన మా నాయన విల్లు ఏమైపోయిందో. ప్రొద్దుటూరులో దూదేకే మోత ఆగి ఎన్నాళ్ళయిందో చెప్పేవాళ్ళు కూడా లేరు, మా వీధి పిల్లలకు దూదేకుల అన్నది పేరు ముందు మాటే, పని కాదు. వీటిలో దేనికీ పుస్తకం లేదు. వంద గడపలు లేని ఒక పల్లెలో ఎన్ని వందల ఏళ్ళ కిందట ఎవరు ఎలా చచ్చిపోయారో నేను నిద్రలో కూడా చెప్పగలను. మా ఇంటి పక్క మిద్దెలో ఉండిన మనిషి అసలు పేరు నాకు తెలియదు.

మూడో ఉత్తరం నిన్న పోస్టు చేశాను. నాలుగు వాక్యాలే. మొదటి రెండు ఉత్తరాల్లో నేను ఎన్నిచోట్ల ప్లీజ్ అని రాశానో నకళ్ళు తీసి లెక్కపెట్టి చూసుకున్నాను. పదకొండు. ఈసారి ఒక్కటి కూడా రాయలేదు.